అద్దం మీద పాము: పాములవాడికన్నా మనమేం తక్కువ?

ముందే చెప్పేస్తున్నా, ఇది తిట్ల టపా. తిట్లు తినాల్సినవాళ్ళలో మొదటివాణ్ణి నేనే కాబట్టి మిగతావాళ్ళు మరీ అంత బాధపడక్కర్లేదు.

విషయం ఏంటంటే, అమెరికాలో ఉన్న మన సాఫ్ట్‌వేర్ జనాల్లో కొన్ని ఇళ్ళల్లోకి పాములు కూడా వచ్చి చేరాయి. ఎక్కువగా పిల్లల పోరు పడలేకే తెస్తారు. కుక్కకైతే చలిలో వానలో వాకింగుకి తీసుకెళ్ళాలి, పిల్లికైతే సోఫా నిండా బొచ్చు. పాముకి వారానికో పది రోజులకో ఒక ఎలక పడేస్తే చాలు. వినడానికి మంచి బేరంలాగే ఉంటుంది. మేమూ అలాగే పడ్డాం. మా అమ్మాయి పుట్టినరోజుకి ఒక బాల్ పైథాన్ వచ్చింది. ఉండలా చుట్టుకుని కూర్చుంటుందని దానికి లడ్డూ అని పేరు పెట్టింది. మా ఆవిడ పెట్టిన షరతు ఒక్కటే, గడ్డకట్టిన ఎలకలు వంటింటి ఫ్రిజ్‌లో కనపడకూడదు. వాటికి గరాజ్‌లో వేరే చిన్న ఫ్రీజరు కొన్నాం. ఇక్కడిదాకా ఎవరికీ ఏ గొడవా లేదు.

గొడవంతా ఫోటోల దగ్గరొచ్చింది.

పాముల్ని పెంచేవాళ్ళ ఫోటోల్లో ఒక రకం ఉంది, మీరూ చూసే ఉంటారు. అద్దాన్ని బల్ల మీద పడుకోబెడతారు. దాని మీద పాముని పెడతారు. వెనక నల్లగుడ్డ, పక్కన ఒక దీపం. ఫోటోలో పాము నల్లటి చెరువు మీద తేలుతున్నట్టుంటుంది, కింద దాని నీడ తలకిందులుగా. ఇంకో రకంలో అద్దం నిలబెట్టి ఉంటుంది. పాము దాని ముందు నాలుక ఆడిస్తుంటుంది. కింద "సెల్ఫీ దిగుతున్న మా బంగారం" లాంటి వ్యాఖ్య. వందల లైకులు.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. అద్దం ఫోటోగ్రాఫర్ సామాను. కెమెరా పక్కన పెట్టుకోండి, పాము వెనక పెట్టుకోండి, పాము ఎక్కిన కొమ్మ కింద పెట్టుకోండి. పాము పొట్ట కింద మాత్రం పెట్టకండి. "సెల్ఫీ" అని అబద్ధం రాయకండి. అంతే.

ఇంత చిన్న ముక్కకి ఇంత టపా ఎందుకంటే, నేనూ ఆ వెధవపని చేశాను కాబట్టి.

రెండేళ్ళ కిందట నాగుల చవితి. మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో అందరూ పుట్టల ఫోటోలు పెడుతున్నారు. మనింట్లో సాక్షాత్తూ పామే ఉంది కదా, ఒక అదిరిపోయే ఫోటో తీసి "నాగుల చవితి శుభాకాంక్షలు" అని పెట్టేద్దామనిపించింది. డ్రెస్సింగ్ టేబుల్ అద్దం ఊడదీసి డైనింగ్ టేబుల్ మీద పడుకోబెట్టాను. లడ్డూని తెచ్చి దాని మీద పెట్టాను. అది వెంటనే ఉండ చుట్టుకుంది. నాలుగు ఫోటోలు తీశాను, బాగానే వచ్చాయి. కానీ నాకు తలెత్తిన ఫోటో కావాలి. చేత్తో కాస్త విప్పాను, మళ్ళీ చుట్టుకుంది. మళ్ళీ విప్పాను. ఇలా పావుగంట. మా అమ్మాయి పక్కన నిలబడి "నాన్నా, లడ్డూకి భయమేస్తోంది" అంటూనే ఉంది. "ఒక్క నిమిషం రా తల్లీ" అంటూనే ఉన్నాను నేను. చివరికి అది విప్పుకుంది. విప్పుకుని పారిపోదామని చూసింది. అద్దం మీద పట్టు దొరక్క ఉన్నచోటే కాసేపు మెలికలు తిరిగి, పక్కకి జారి, బల్ల అంచు మీంచి కింద పడింది.

అదృష్టం బాగుండి దెబ్బలేం తగల్లేదు. కానీ ఆ తర్వాత ఏడు వారాలు తిండి ముట్టుకోలేదు. ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పాలి. చలికాలంలో బాల్ పైథాన్లు మామూలుగా కూడా నెలల తరబడి తిండి మానేస్తుంటాయి. కాబట్టి నా ఫోటో వల్లే మానేసిందని కోర్టులో రుజువు చెయ్యలేను. కానీ ప్రొడక్షన్‌లో మనం ఏదో మార్చిన మర్నాడే సర్వర్ పడిపోతే "కాకతాళీయం అయ్యుండొచ్చు" అని మేనేజర్‌కి చెప్పే ధైర్యం మనలో ఎంతమందికి ఉంది? నాకైతే లేదు.

అప్పుడు కూర్చుని చదివాను. చదివినకొద్దీ సిగ్గేసింది.

మొదటిది, పాము నడక. కాళ్ళు లేని జీవి ముందుకెలా వెళ్తుంది? నేలలో రాయో రప్పో ఉంటే దాన్ని పక్కకి నెట్టి ముందుకి పోతుంది. అవి లేని చోట పొట్ట మీద పొలుసులే ఆధారం. డేవిడ్ హ్యూ అనే ఆయన, మరికొందరు కలిసి 2009లో అమెరికా జాతీయ సైన్స్ అకాడమీ పత్రికలో దీని మీద ఒక వ్యాసం రాశారు. పాము పొలుసులకి ముందువైపు జారేటప్పుడు రాపిడి తక్కువ, పక్కకి జారేటప్పుడు ఎక్కువ. ఆ తేడానే దాని గేరుబాక్సు. నేల కాస్తన్నా గరుకుగా ఉంటేనే ఆ తేడా పనిచేస్తుంది. అద్దం మీద ఏముంది పట్టుకోడానికి? నూనె పోసిన గచ్చు మీద మనల్ని నిలబెట్టి "ఏదీ, నవ్వు" అన్నట్టుంటుంది దాని పరిస్థితి. దానికి తోడు అద్దం చెక్కకన్నా కొన్ని రెట్లు వేగంగా వంట్లో వేడి లాగేస్తుంది. ఈ పాము పశ్చిమ ఆఫ్రికాది. ఘానా, టోగో, బెనిన్ ప్రాంతాల వెచ్చటి నేల దానికి అలవాటు. గూట్లో దానికోసం 32 డిగ్రీల మూల ఒకటి పెట్టి, ఫోటో కోసం ఏసీ గదిలో చల్లటి గాజు మీద పడేస్తాం.

రెండోది, ఆ ఉండ. దానికి బాల్ పైథాన్ అని పేరొచ్చిందే అందుకు. భయమేస్తే తల మధ్యలో దాచుకుని, చుట్టూ వంటిని గట్టిగా చుట్టేసుకుంటుంది. కరవడం, బుసకొట్టడం దానికి అంతగా రావు. దానికున్న ముఖ్యమైన రక్షణ అదే. అంటే మనం "అబ్బ, లడ్డూలా ఎంత ముద్దుగా ఉందో" అనుకుంటున్న భంగిమ ఆ జంతువు భయపడ్డప్పటి భంగిమ. పాప మంచం కింద దూరి తల దాచుకుంటే దాన్ని ఫోటో తీసి ఫ్రేము కట్టించుకుంటామా? పాము పేరు లడ్డూ అని ఇప్పటికీ పిలుస్తున్నాం గానీ, పిలిచినప్పుడల్లా నాకు కొంచెం గుచ్చుకుంటుంది.

మూడోది, సెల్ఫీ గోల. ఇది మన ఇంజినీర్లకి బాగా అర్థమవ్వాలి, ఎందుకంటే ఇదంతా సెన్సార్ల లెక్క. పాము లోకాన్ని ప్రధానంగా వాసనతో చదువుతుంది. నాలుక బయటికి తీసి గాలిలో కణాల్ని పట్టి, నోటి పైభాగంలో ఉండే జేకబ్సన్ అవయవానికి చేరవేస్తుంది. కొండచిలువల్లో చాలావాటికి, బాల్ పైథాన్‌తో సహా, పెదాల మీద చిన్న గుంటలు కూడా ఉంటాయి, అవి వేడిని పసిగడతాయి. ఇప్పుడు దాని ముందు అద్దం పెట్టాం. కంటికి ఏదో కదులుతున్నట్టుంది. వాసన చూస్తే పాము వాసన లేదు, గాజు తుడిచే మందు వాసన ఉంది. పెదాల గుంటలకి తెలిసేది గాజు ఎంత చల్లగా ఉందన్నదే. మూడు సెన్సార్లూ మూడు రకాల రిపోర్టులిస్తే మనమైతే ఏం చేస్తాం? మళ్ళీ మళ్ళీ రీడింగ్ తీసుకుంటాం. ఆ నాలుక ఆడించడం అదే. దానికి మనం పెట్టిన పేరు సెల్ఫీ.

జంతువులు అద్దంలో తమని తాము గుర్తుపడతాయా అని గోర్డన్ గాలప్ 1970లో చింపాంజీల మీద పరీక్ష చేశాడు. మొహానికి రంగు మచ్చ పెట్టి అద్దం చూపిస్తే అవి తమ మొహం తడుముకున్నాయి. ఆ తర్వాత ఏనుగు, మాగ్‌పై పిట్ట, ఆఖరికి ఒక చిన్న చేప కూడా ఈ పరీక్ష నెగ్గాయన్నారు. పాముకి ఇది అన్యాయమైన పరీక్ష, దానికి కన్ను కన్నా నాలుకే ముఖ్యం కదా. అందుకని కెనడాలోని విల్‌ఫ్రిడ్ లోరియే విశ్వవిద్యాలయం వాళ్ళు 2024లో వాసన అద్దం లాంటిది తయారుచేశారు. పాము ఒంటి వాసనని దూది మీద తీసి, దాంట్లో కొంచెం ఆలివ్ నూనె కలిపి దానికే చూపించారు. అంటే మొహం మీద రంగు మచ్చ పెట్టినట్టు. గార్టర్ పాములు మార్చిన తమ వాసన దగ్గర ఎక్కువసేపు నాలుక ఆడించాయి, "ఇదేంటి, నా వాసన తేడాగా ఉందే" అన్నట్టు. మరి బాల్ పైథాన్లు? వాటిలో అలాంటి తేడా ఏం కనపడలేదు. అదండీ సంగతి. మనం అద్దం ముందు పెట్టి సెల్ఫీ అంటున్న పాము, తన కోసం ప్రత్యేకంగా చేసిన అద్దంలో కూడా తనని గుర్తుపట్టినట్టు తేలలేదు. :)

ఇక ఎదురు వాదనలు. ఇవన్నీ నాకు నోటికొచ్చు, నేనే చాలాకాలం చెప్పాను కాబట్టి.

"మా పాము అద్దం మీద ఎంత ప్రశాంతంగా ఉంటుందో." ప్రశాంతంగా లేదు స్వామీ, బిగుసుకుపోయింది. పాముకి కనురెప్పలుండవు, మొహంలో కండరాల కదలికలుండవు, అరవదు. దాని బాధ మన కంటికి కనపడే ఇంటర్‌ఫేసు లేదు. లాగ్‌లో ఏం రాయని ప్రోగ్రాంలో బగ్గుల్లేవనుకోవడం ఎంత తెలివో ఇదీ అంతే.

"ఐదు నిమిషాలే కదా." ఐదు నిమిషాల్లో ఫోటో వచ్చి ఊరుకున్నవాణ్ణి ఒక్కణ్ణి చూపించండి. నేను పావుగంట చేశాను. అయినా నచ్చలేదు.

"కుక్కలకి బట్టలు తొడిగి ఫోటోలు తియ్యట్లేదా?" తీస్తున్నారు, అదీ తప్పే కావచ్చు. కానీ కుక్క నచ్చకపోతే లాగి పారేస్తుంది, గుర్రుమంటుంది, కనీసం మొహం చాటేస్తుంది. అద్దం మీద పాముకి పారిపోయే వీలు కూడా లేకుండా చేస్తున్నాం మనం.

"పెంచడమే తప్పయినప్పుడు ఫోటో ఒక లెక్కా?" ఇది గట్టి ప్రశ్న. నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ తెచ్చుకున్నాక, అది 20, 30 ఏళ్ళు బతికే ప్రాణి. ఇంటికి తెచ్చిన తప్పు పెద్దదైతే మిగతా చిన్న తప్పులు మాఫీ అయిపోవు, ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కదలకుండా ఉంటుందని పాముని ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి ఫోటో తీసే ఘనులు కూడా ఉన్నారు. దాని వంట్లో వేడి బయటినుంచే రావాలి కాబట్టి చల్లబడితే కదల్లేకపోతుంది. అది శాంతించడం కాదు. వీళ్ళతో నాకు వాదన లేదు, దణ్ణం మాత్రమే.

సరే, తిట్టడం ఎవడైనా చేస్తాడు. మరి అద్దంతో బుద్ధిగా ఎలా తియ్యాలి? ఎందుకు తియ్యాలి?

ఎందుకంటే పాము ఆరోగ్యం సగం దాని పొట్ట మీద రాసుంటుంది. తడి ఎక్కువైతే పొలుసులు పాడవ్వడం, కింద హీట్ మ్యాట్ కాలడం, కుబుసం సరిగ్గా ఊడకపోవడం, ఇవన్నీ అక్కడే బయటపడతాయి. దాన్ని చూడ్డానికి పాముని వెల్లకిలా తిప్పాలి, అది దానికి మహా చిరాకు. అద్దం ఉంటే తిప్పక్కర్లేదు. జంతువుల నడక మీద పరిశోధన చేసేవాళ్ళు ఒకే కెమెరాతో పక్కనుంచీ కిందనుంచీ చూడ్డానికి 45 డిగ్రీల వాలులో అద్దం పెట్టుకోవడం పాత పద్ధతే.

నేను ఇప్పుడు చేసేది ఇది. బెరడు ఉన్న లావుపాటి కొమ్మ ఒకటి, రెండు చివర్లా గట్టిగా ఆనేట్టు. కింద మెత్తటి తువ్వాలు పరిచి, ఎత్తు ముప్పావు అడుగు మించకుండా. కొమ్మ కింద వాలుగా అద్దం, అంచులకి టేపు చుట్టి. గాజుకి బదులు అక్రిలిక్ అద్దమైతే పగలదు, కానీ పల్చటిది వంగి బొమ్మని సాగదీస్తుంది. లడ్డూ తనంతట తాను కొమ్మ మీదికి పాకితే తీస్తాను, లేకపోతే ఆ రోజుకి ఫోటో లేదు.

ఇంట్లో మామూలు అద్దానికి వెండి పూత వెనకవైపు ఉంటుంది. ముందున్న గాజు కూడా ఒక నాలుగు శాతం వెలుతురుని తిప్పికొడుతుంది. వాలుగా తీసినప్పుడు మెరిసే పొలుసుల పక్కన రెండో బొమ్మ దెయ్యంలా కనపడేది అందుకే. పూత ముందువైపే ఉండే అద్దాలు దొరుకుతాయి, వాటిలో ఈ బాధ ఉండదు. కానీ ఆ పూత మీద వేలు పెడితేనే పాడవుతుంది. అంటే ఫోటోకి అన్నిటికన్నా మంచి అద్దం మీద పాముని పెట్టే ప్రసక్తే లేదన్నమాట!

ఫోకస్ సంగతి. అద్దంలో పాము అద్దం దగ్గర ఉండదు. పాము నుంచి అద్దానికి ఎంత దూరమో, అద్దం నుంచి కెమెరాకి ఎంత దూరమో, రెండూ కలిపినంత దూరంలో ఉంటుంది. పామూ ప్రతిబింబమూ రెండూ స్పష్టంగా రావాలంటే ఎపర్చర్ ఎఫ్ 11 దాకా మూయాలి. ఫోన్లో పోర్ట్రెయిట్ మోడ్ ఆపెయ్యండి, ప్రతిబింబాన్ని దూరంగా ఉన్న బ్యాక్‌గ్రౌండ్ అనుకుని మసకచేసేస్తుంది. వెలుతురు కిటికీ నుంచి వస్తే చాలు. ఫ్లాష్ తప్పదనుకుంటే తెల్లగుడ్డ అడ్డం పెట్టండి, రెప్ప వాల్చే అవకాశం దానికి లేదు కదా. తిండి పెట్టాక రెండు రోజుల దాకా తియ్యకండి. కుబుసం విడిచే ముందు కళ్ళు పాలరంగులోకి తిరుగుతాయి, అప్పుడూ తియ్యకండి. ఉండ చుట్టుకుందా, సర్దేసి గూట్లో పెట్టెయ్యండి.

ఈ పద్ధతిలో తీసిన ఫోటోకి లైకులు రావు. కానీ ఒకసారి ఇలాగే తీసినదాన్ని లాప్‌టాప్‌లో పెద్దది చేసి చూస్తుంటే, లడ్డూ పొట్ట మీద గోధుమరంగు మచ్చ కనిపించింది. గూడు కింద చూస్తే థర్మోస్టాట్ ప్రోబు పక్కకి జారిపోయి ఉంది, హీట్ మ్యాట్ మామూలు కన్నా వేడిగా కాలుతోంది. డాక్టరు చూసి, ఇంకొన్ని రోజులు గమనించకపోతే పుండయ్యేదన్నాడు. ఆ చవితి ఫోటోకి 43 లైకులొచ్చాయి. ఈ ఫోటో మేం నలుగురం తప్ప ఎవరూ చూడలేదు. రెండింట్లో దేనికి అద్దం కొనాలో మీరే చెప్పండి.

ఇండియాలో ఉన్న మిత్రులకి ఒక మాట. ఈ ఫోటోలు చూసి హైదరాబాదులోనో బెంగుళూరులోనో "మనమూ ఒకటి పెంచుదాం" అనుకునేవాళ్ళున్నారు. మన పాముల జోలికి మాత్రం వెళ్ళకండి. నాగుపాము, మన కొండచిలువ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూల్లో ఉన్నాయి, పెంచుకుంటే జైలే. బాల్ పైథాన్ విదేశీ జాతి అయినా సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. 2022 సవరణ, 2024లో వచ్చిన నియమాల ప్రకారం అలాంటివాటిని ప్రభుత్వం దగ్గర రిజిస్టర్ చెయ్యాలి. కాగితాలు లేని పాముని అద్దం మీద పెట్టి ఫోటో తీసి లోకానికంతా చూపించడం అంటే, మీ మీద సాక్ష్యం మీరే హెచ్‌డీలో ఇచ్చుకోవడం.

ఆఖరుగా ఆ పాములవాడి సంగతి. చిన్నప్పుడు మా వీధిలోకి బుట్ట పట్టుకుని వచ్చేవాడు. నాగస్వరం ఊదేవాడు, పాము పడగ విప్పి ఊగేది. అది సంగీతానికి కాదు, ఎదురుగా కదిలే బుర్రని చూసి భయపడి పడగ విప్పేదని తర్వాత చదువుకున్నాం. కోరలు పీకేస్తారని, నోళ్ళు కుట్టేస్తారని తెలిసి అసహ్యించుకున్నాం. ప్రతి చవితికీ "పాములు పాలు తాగవు, హింసించకండి" అని ఫార్వర్డులు పంపుతాం. మంచిదే. కానీ పాములవాడు పొట్టకూటికి ఒక పాము భయాన్ని నాట్యం అని అమ్మాడు. మనం లైకుల కోసం ఇంకో పాము భయాన్ని ముద్దు అని, సెల్ఫీ అని పంచుతున్నాం. వాడికి ఆకలన్నా ఉంది. మనకేముంది?

నిరుడు చవితికి నేను గ్రూపులో ఏం పెట్టలేదు. మా పిన్ని ఫోన్ చేసి "ఏరా, ఈసారి మీ పాము ఫోటో పెట్టలేదే, బానే ఉందా?" అని అడిగింది. బానే ఉంది పిన్నీ, గూట్లో పడుకునుంది, లేపలేదు అన్నాను.